పరతుల మధ్య

జుమ్మా నమాజు అయ్యాక మా బడే భాయ్ బిడ్డ ఇంటికొచ్చింది. ఎం.టెక్ ప్రాజెక్టు చేస్తోంది. "చాచా, ఇది అమ్మీకి అర్థమయ్యేలా ఎట్లా చెప్పాలి?" అని లాప్‌టాప్ తెరిచింది.

కార్బన్ ఫైబర్ పరతులను రెజిన్‌తో అతికిస్తారు. బోయింగ్ 787 బరువులో దాదాపు సగం ఇలాంటి సరుకే. ఫైబర్ మజ్బూత్, పరతుల మధ్య రెజినే కమ్జోర్. రిపేరులో పానా జారిపడితే పైన గీత కూడా కనబడకపోవచ్చు. లోపల మాత్రం పరతులు విడిపోతాయి. అదే డీలామినేషన్.

కంప్యూటర్‌లో రెండు పరతుల మధ్య స్ప్రింగుల్లాంటివి ఊహిస్తారు. లాగితే కొంతవరకు ఓర్చుకుంటాయి, హద్దు దాటాక ఢీలా పడతాయి, చివరికి తెగుతాయి. తెంచడానికి ఎంత శక్తి ఖర్చయిందన్నదే అసలు హిసాబ్. "దరార్ కొస దగ్గర గళ్లు సన్నగా ఉండాలి చాచా. పెద్దవైతే ఉన్నదానికంటే మజ్బూత్‌గా చూపిస్తుంది."

నేను తెర వైపే చూస్తుండిపోయాను. అబ్బా ఇంతెకాల్ తర్వాత ఇంటి వాటాల దగ్గర నా నోటి నుంచి ఒక మాట జారింది. ఈద్‌కు భాయిజాన్, నేను గలే మిలుతాం. చూసేవాళ్లకు సబ్ ఠీక్. నాలుగేళ్లుగా ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చోలేదు.

"లోపల విడిపోతే ఎట్లా తెలుస్తుంది బేటా?"

"అల్ట్రాసౌండ్ ఉంది. నాణెంతో తట్టినా తెలుస్తుంది. విడిన చోట మోత మారుతుంది."

ఫోన్ తీశాను. నా సలాంకు జవాబిచ్చి భాయిజాన్ కాసేపు ఆగారు.

"బిడ్డ అక్కడే ఉందా?"

"ఉంది. మీరూ రండి భాయిజాన్, చాయ్ పెట్టిస్తా. ఆ రోజు మాట నాదే గలత్."