బోరు కుళాయి మీద చీటీ

సంక్రాంతికి వచ్చిన మా అమ్మాయి పండగ అయ్యాక కూడా వారం ఉండిపోయింది. ఇంటి నుంచే పని. వంటింటి గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఏదో గొణుక్కుంటోంది. నేను చిక్కుడుకాయలు వలుస్తూ వింటున్నాను.

"ఏందే, ఎవర్ని తిడుతున్నావ్?"

"నన్నే అమ్మా. ఒక్క వాక్యం కోసం అరగంట నుంచి తన్నుకుంటున్నా."

ఒక్క వాక్యానికి అంత కష్టమేమిటో చెప్పమన్నాను. మనం రాసిన ప్రోగ్రాంని మిషను భాషలోకి మార్చేది కంపైలర్ అట. మార్చేటప్పుడే, అంటే ప్రోగ్రాం ఇంకా నడవకముందే, తప్పులు పట్టుకుంటుంది. కానీ దానికి తెలిసేవి భాషకు సంబంధించిన తప్పులే. సెమికోలన్ మర్చిపోయావనో, ఆ పేరు ఎక్కడా లేదనో చెబుతుంది. 'ఈ రెండు సెట్టింగులు కలిపి పెడితే లెక్క తప్పుతుంది' అన్న సంగతి మాత్రం దానికి తెలియదు. అది రాసిన మనిషికే తెలుసు. అందుకే ఆ మనిషి తన మాటల్లో ఒక హెచ్చరిక ముందే పెట్టుకునే వీలు ఇచ్చారు.

సీ భాషలో హ్యాష్ గుర్తు పెట్టి ఎర్రర్ అని, పక్కన మన మాట రాస్తే చాలట. ఆ పరిస్థితి ఎదురైతే కంపైలర్ ఆ మాట చూపించి పని ఆపేస్తుంది. ఇది 1989 నాటి ప్రమాణంలోనే ఉంది. ఆపకుండా ఊరికే హెచ్చరించే వార్నింగ్‌ని చాలా కంపైలర్లు ఎప్పటి నుంచో ఒప్పుకుంటున్నా, సీ ప్రమాణంలో చేరింది మాత్రం 2024లో అచ్చయిన సీ23తోనే. స్విఫ్ట్ భాషలో 2018లో రెండూ ఒకేసారి వచ్చాయి. రస్ట్‌లో అయితే, మన కోడ్‌కి సరిపడనిది ఎవరైనా ఇస్తే కంపైలర్ ఏమని చెప్పాలో 2024 నుంచి మనమే రాసిపెట్టొచ్చట.

"మరి నువ్వేం రాశావ్?"

"'చెల్లని సెట్టింగ్' అని."

"అది చదివితే ఎదుటివాళ్ళకి ఏం చేయాలో ఎట్టా తెలుస్తుందే?"

అనేశాను గానీ, చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఆగిపోయింది.

మా పుట్టిల్లు తెనాలి వైపు. కాలువ నీళ్ళు. చంటిపిల్లలకి నీళ్ళు కాచి చల్లార్చి పట్టడం మా అమ్మ నేర్పిన మొదటి పాఠం. పెళ్ళై కనిగిరి వచ్చాక మేం అద్దెకున్న ఇంట్లో బోరు ఉండేది. తాగడానికి నీళ్ళు కొనేవాళ్ళం. ఆ కొన్న నీళ్ళు ఎక్కడివో, ఎవరు పట్టారోనని నాకు అనుమానం. అందుకని పాపకి మాత్రం మన ఇంటి బోరు నీళ్ళే కళపెళ మరిగించి పట్టేదాన్ని. నా అంత జాగ్రత్తపరురాలు లేదనుకున్నాను.

మా అత్తయ్య ఊళ్ళో ఉండేది, వచ్చిపోతుండేది. కాచిన నీళ్ళంటే కొన్న నీళ్ళే కాచాననుకుంది. పాపకి మూడేళ్ళు వస్తుండగా ఒకరోజు నేను బోరు కుళాయి కింద గిన్నె పెట్టడం చూసి, "అయ్యో అమ్మాయ్, అవి తాగే నీళ్ళు కాదమ్మా!" అని తల పట్టుకుంది.

ఈ ప్రాంతం నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఆవిరైన కొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది. తెనాలిలో ఒప్పయిన పని ఇక్కడ తప్పయింది. "ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకి చెప్పే పనే లేదు. నువ్వు బయటినుంచి వచ్చావని నాకు తట్టలేదమ్మా," అని అత్తయ్య ఎన్నిసార్లు బాధపడిందో.

పాలపళ్ళు ఊడి కొత్త పళ్ళు వచ్చినప్పుడు ముందు పళ్ళ మీద మరకలు కనిపించాయి. ఇప్పటికీ మా అమ్మాయి నవ్వేటప్పుడు పై పెదవి కిందికి లాక్కుంటుంది. ఫొటోల్లో దాని నవ్వు చూసినప్పుడల్లా నా గుండె కలుక్కుమంటుంది.

ఇదంతా దానికి ఎప్పుడూ వివరంగా చెప్పలేదు. ఆ రోజు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అమ్మా, నీకు ఎర్రర్ రాలేదే! వచ్చుంటే ఆగేదానివి కదా. ప్రోగ్రాం నడిచిపోయింది, తప్పేమో ఏడేళ్ళకి నా పళ్ళలో కనబడింది," అంది. అని నవ్వింది. ఈసారి పెదవి లాక్కోలేదు. నాకే కళ్ళు తడిశాయి.

ఆ తర్వాత ఇద్దరం కూర్చుని ఆ వాక్యం మళ్ళీ రాశాం. మూడు ముక్కలు. 'ఈ రెండు సెట్టింగులు కలిపి వాడకండి. కలిపితే మొత్తాలు తప్పు వస్తాయి. రెండోది తీసేసి మళ్ళీ కంపైల్ చేయండి.' ఇంగ్లీషులోకి అదే మార్చుకుంది.

దాని బస్సు వెళ్ళిన మర్నాడు మా మేడ మీద వాటాలోకి కొత్తవాళ్ళు దిగారు. ఆ అమ్మాయి చంకలో ఆరు నెలల బాబు. నేను ఒక అట్టముక్క మీద లావుగా రాసి బోరు కుళాయికి కట్టాను: 'ఇవి తాగే నీళ్ళు కావు. ఫ్లోరైడ్ ఉంది, మరిగించినా పోదు. తాగడానికీ వంటకీ క్యాను నీళ్ళు వాడండి.' కట్టి ఊరుకోలేదు, మేడెక్కి నోటితో కూడా చెప్పొచ్చాను.

మీ ఇంట్లో కూడా 'అందరికీ తెలిసిందే కదా' అని ఎవరికీ చెప్పకుండా వదిలేసిన సంగతి ఏదైనా ఉందేమో, ఒకసారి ఆలోచించండి. కొత్తగా వచ్చిన కోడలికి అది తెలియకపోవచ్చు.