ముఖం లేని ముఖచిత్రం

పుస్తకాలకి అట్టలు వేయడం నా పని. ఆడవాళ్ళ కథల సంపుటి అనగానే అందరూ అడిగేది ఒకటే. సగం మొహం, పెద్ద బొట్టు, వీలైతే ఓ కన్నీటిచుక్క. పంజరమూ పక్షీ అయితే మరీ సంతోషం. ఏళ్ళ తరబడి అవే వేశాను. నిజం చెప్పాలంటే విసుక్కోవడం కూడా ఎప్పుడో మానేశాను.

2015 వేసవిలో లండన్‌లో చెల్లెలింటికి వెళ్ళినప్పుడు టేట్ మోడర్న్‌లో సోనియా డెలోనే ప్రదర్శన చూశాను. పెయింటింగులతో పాటు ఆమె దుస్తులూ, బట్టల డిజైన్లూ ఉన్నాయంటే వెళ్ళాను. చీరల పిచ్చిదాన్ని కదా! అట్టల సంగతి మనసులోనే లేదు.

అక్కడ నన్ను ఆపేసింది ఒక పసివాడి బొంత. 1911లో కొడుకు కోసం గుడ్డముక్కలు అతికి కుట్టింది. ఉక్రెయిన్ రైతుల ఇళ్ళలో చూసిన పద్ధతి అది. 1913లో అలాగే ముక్కలు కలిపి తనకో గౌను కుట్టుకుంది. అదే ఏడాది కవి బ్లేజ్ సాండ్రార్‌తో కలిసి ఓ పుస్తకం చేసింది. మడతలు విప్పితే రెండు మీటర్ల పొడవు. ఓ పక్క రకరకాల అచ్చక్షరాల్లో కవిత, రెండో పక్క పైనుంచి కిందదాకా ఆమె రంగులు. 150 ప్రతులు ఒకదాని కింద ఒకటి పెడితే ఐఫిల్ టవరంత అవ్వాలని వాళ్ళ లెక్క. అనుకున్నన్ని తయారు కాలేదు లెండి. కవితేమో రైలు ప్రయాణం గురించి. కానీ ఆ రంగుల్లో రైలు బొమ్మ లేదు!

రైలు కవితకి రైలు అక్కర్లేనప్పుడు ఆడవాళ్ళ కథలకి ఆడదాని మొహం ఎందుకు?

మా అమ్మ గుర్తొచ్చింది. పాత చీరలు పొరలుగా పరిచి, ఎర్రంచు పక్కన ఏ ముక్క నప్పుతుందోనని మధ్యాహ్నమంతా అటూ ఇటూ మార్చి చూసుకునేది. డిజైన్ కోర్సుకి హాస్టల్‌కి వెళ్తూ ఆ బొంత వద్దన్నాను, నలుగురూ నవ్వుతారని. రంగులు నేర్చుకోడానికే వెళ్తున్నానప్పుడు! సోనియా బొంత పారిస్ మ్యూజియంలో ఉంది. అమ్మవి చివరికి మసిగుడ్డలయ్యాయి.

తిరిగొచ్చాక చేతికొచ్చిన కథల సంపుటికి రంగు కాగితాలు కత్తిరించి అతికాను. ముక్కల మీద పేరు రాస్తే ఒత్తులు రంగుల్లో మునిగిపోయాయి. నాలుగుసార్లు చించేశాను. చివరికి ఆ రైలు పుస్తకంలోలా అక్షరాలకి ఓ పట్టీ, రంగులకి ఓ పట్టీ విడగొడితే కుదిరింది.

"బాగానే ఉందమ్మా, మరి ఆడమనిషేదీ?" అన్నారు ప్రచురించేవాళ్ళు. రచయిత్రి నా పక్కన నిలబడకపోతే ఆ అట్ట వచ్చేది కాదు.

అమ్మకి చూపించాను. కళ్ళజోడు సవరించుకుని, "ఈ పసుపు పక్కన నారింజెందుకు పెట్టావే, రెండూ కలిసిపోతున్నాయి" అంది. నిజమే. ఆ నారింజ తీసేసి నీలం పెట్టాల్సింది.