పాడుబడ్డ ఇల్లు, కిక్కిరిసిన వీధి

నాకు ఫొటోలు తీసే అలవాటు వున్నది. సెలవు రోజుల్లో ఖమ్మంలో బస్సెక్కి ఇల్లెందు, కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం దాకా తిరుగుతూ, అడవి అంచు వూళ్ళ వీధులనూ, మనుషులు వదిలిపోయిన ఇళ్ళనూ తీస్తుంటాను. ఈ తిరుగుడులో నేనొక తప్పు చేశాను. ఆ తప్పు రచయితలు కూడా తరచు చేసేదే కనుక ఇక్కడ చెబుతున్నాను.

కొంతకాలం క్రితం ఖమ్మంలో మిత్రులు ఒక చిన్న ఛాయాచిత్ర ప్రదర్శన పెట్టారు. అందులో నా బొమ్మ ఒకదాన్ని అందరూ మెచ్చుకున్నారు. ఇల్లెందులో గని కార్మికుల పాత క్వార్టర్ల వరుస; కప్పు ఎగిరిపోయిన ఒక గది; గోడ పగులులో లేచిన రావిచెట్టు; ఆకుల మీద సాయంకాలపు ఎండ. కాలం ఎంత బలీయమైనదో చూపావన్నాడొక విమర్శక మిత్రుడు. పొంగిపోయాను.

ఆ పొంగు ఎన్నాళ్ళో నిలవలేదు. అదే బొమ్మను ఇల్లెందు బస్టాండు ఎదుట టీకొట్టులో ఒక వృద్ధునికి చూపించాను. కోల్‌ఫిల్లరుగా తట్టా చెమ్మసూ పట్టి, వయసు నిండి దిగిపోయిన మనిషి. చాలాసేపు చూశాడు.

"చెట్టు మంచిగ వచ్చింది సారూ. ఇది మా ఇల్లే. ఈ గోడకు ఒక మేకు వుండాలె. బాయి నుంచి వచ్చినంక అంగీ దానికే తగిలిచ్చేటోణ్ణి. అది రాలేదే?"

మేకు వున్నది. బొమ్మకు అందం చెడుతుందని నేనే దాన్ని చట్రం అవతలకు నెట్టాను.

ఆ ఇంటిని పాడుపెట్టింది కాలమేనా? 1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఈ ప్రాంతంలో బొగ్గు కనుగొన్నాడు. 1889లో తవ్వకం మొదలయింది. ఆ బొగ్గును మోయడానికే డోర్నకల్లు నుంచి అడవిలోకి రైలుమార్గం వచ్చింది. పక్కనున్న సింగరేణి గ్రామం పేరే కంపెనీకి పేరయింది. ఇల్లెందు జనం నోట బొగ్గుట్ట అయింది. ఆ తర్వాత భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. సర్వీసు మిగిలినవారు వేరే గనులకు బదిలీ అయిపోయారు. దిగిపోయినవారు క్వార్టర్లు అప్పగించారు. వారి స్థానంలో కాపురానికి వచ్చేవారు లేరు. ఓపెన్‌కాస్టు గనుల్లో మనుషుల పని యంత్రాల పాలయింది. 1990ల తొలినాళ్ళలో సింగరేణిలో లక్షకు పైబడి వున్న కార్మికులు నేడు దాదాపు 40 వేలు. కాంట్రాక్టు కార్మికులు చేసే పని వేరు. వారు ఈ లెక్కలోకి రారు. ఇదంతా జరిగాకనే గోడలో రావి మొలిచింది. నేను ఆ చివరి సంగతిని మాత్రం తీసి, దానికి కాలమని పేరు పెట్టాను.

పాల్వంచలో సంగతీ అంతే. 1966లో ఉత్పత్తి ప్రారంభించిన పాత థర్మల్ కేంద్రపు శీతలీకరణ గోపురాలు ఎనిమిదింటినీ 2024 ఆగస్టు 5న పేల్చి కూల్చారు. ఆ దృశ్యం సెల్‌ఫోనుల్లో వూరూరా తిరిగింది. గోపురాలు కూలడం అందరం చూశాము. వాటి కింద షిఫ్టులు చేసినవారు ఎటు పోయారని అడిగిన బొమ్మ ఒక్కటీ నా కంట పడలేదు.

జపానులో నాగసాకి దగ్గర హషిమా అనే బొగ్గు దీవి వున్నది. 1959లో ఆ చిన్న దీవిలో ఐదు వేలమందికి పైగా కాపురముండేవారు. 1974లో గని మూసేశారు. కొద్ది నెలల్లో దీవి ఖాళీ అయింది. నేడు ఆ శిథిల భవనాల ఫొటోలు లోకమంతటా ప్రసిద్ధం. 2015లో అది ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాకెక్కింది. యుద్ధకాలంలో అక్కడ బలవంతంగా పనిచేయించబడిన కొరియన్ల కథ సరిగా చెప్పడం లేదని 2021లో యునెస్కో వారసత్వ సంఘమే విచారం ప్రకటించవలసి వచ్చింది. ఖాళీ కిటికీ ఎంత అందంగా వుంటే అంత మౌనంగా వుంటుంది.

అదే దేశంలో మరో దారీ వున్నది. బొగ్గును చమురు వెనక్కు నెట్టి, చికుహో గనుల కార్మికులు పనులు పోగొట్టుకున్నప్పుడు, డొమోన్ కెన్ వారి పిల్లలను ఫొటోలు తీశాడు. 1960లో ఆ పుస్తకాన్ని నాసిరకం కాగితం మీద వేయించి, పేదవారు కూడా కొనగలగాలని 100 యెన్లకే అమ్మించాడు. మూతపడ్డ గనికి అర్థం ఆ పిల్లల ముఖాల్లో వున్నదని అతనికి తెలుసు.

నేను మళ్ళీ ఇల్లెందు వెళ్ళాను. ఈసారి వృద్ధుణ్ణి వెంటబెట్టుకుని ఆ గదికి పోయి, మేకుతో సహా గోడను తీశాను. సాయంత్రం బస్టాండు ఎదుట వీధిని తీశాను. ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు పని ముగించుకుని, ముఖాన దుమ్ముతో టీకొట్టు దగ్గర దిగుతున్న కుర్రవాళ్ళు అందులో వున్నారు. వారిలో ఒకడు ఆ వృద్ధుని మనుమడు. తాత చేతికి మస్టరు వుండేది, క్వార్టరు వుండేది. మనుమడికి ఆ రెండూ లేవు. ఖాళీ ఇల్లూ, కిక్కిరిసిన వీధీ ఒకే బొమ్మకు రెండు సగాలని అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఆ రెంటినీ పక్కపక్కనే పెట్టి, కింద సంవత్సరాలు రాసి చూపిస్తున్నాను. రావిచెట్టుకు వచ్చినన్ని మెప్పులు వీటికి రావడం లేదు. ప్రశ్నలు మాత్రం వస్తున్నాయి. అది చాలు.

రెండు బొమ్మలకూ చట్రం కట్టించి వృద్ధునికి ఇచ్చాను. ఎక్కడ తగిలిస్తావు తాతా అని అడిగాను.

"ఏడ తగిలిత్త సారూ? అద్దె ఇల్లు. గోడకు మేకు కొట్టనియ్యరు."

అవి ఇప్పుడు ఆయన ట్రంకుపెట్టె మీద, గోడకు ఆనించి వున్నాయి.