చుట్టం గది

రాజమహేంద్రవరం నుంచి పెద్ద రోడ్డు మీద బయలుదేరి, జొన్నాడ దగ్గర గౌతమిని దాటితే రావులపాలెం వస్తుంది. అక్కడ పెద్ద రోడ్డును దాని దారిన పోనిచ్చి, కొత్తపేట మీదుగా అంబాజీపేట, అమలాపురం వైపు తిరిగామంటే ఇక మనం కోనసీమలో ఉన్నట్టే. ఒక పక్క గౌతమి, ఒక పక్క వశిష్ఠ, ఎదురుగా సముద్రం. మధ్యలో కాలువలు, కొబ్బరితోటలు, అరటి బోదెలు. ఇక్కడి పచ్చదనాన్ని గురించి చెప్పనివాళ్ళు లేరు. ఆ పచ్చదనానికి వెనుక, చెట్ల సందున కనబడే పాత పెంకుటిళ్ళను గురించి, ముఖ్యంగా వాటిలో వచ్చేపోయే చుట్టాల కోసం ఉంచిన వీధిగదిని గురించి చెప్పినవాళ్ళు తక్కువ. ఈ వ్యాసం ఆ గదిని గురించి.

కోనసీమ ఇంటికి చుట్టం రావడం ఒకప్పుడు చిన్న సంగతి కాదు. ఇది నాలుగు వైపులా నీళ్ళున్న సీమ. యానాం దగ్గర ఎదుర్లంక వంతెన వచ్చింది 2002లో. వంతెనలు లేని రోజుల్లో ఎవరు ఎక్కడికి వెళ్ళాలన్నా రేవులో పడవ కోసం కాచుకోవలసిందే. గాలి ఎదురైతే పడవ ఆలస్యం. చీకటి పడితే పడవే లేదు. అందుచేత బయలుదేరినవాడు ఏ పూట చేరతాడో, ఎక్కడ రాత్రి గడుపుతాడో చెప్పలేని పరిస్థితి. దీనికి తోడు తీర్థాలు. మాఘమాసంలో అంతర్వేది కల్యాణం, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం. ఆ రోజుల్లో దారిలో ఉన్న ప్రతి ఇల్లూ ఒక సత్రమే.

ఆ దారిలోని ఇళ్ళల్లోకెల్లా పేరు పొందిన ఇల్లు డొక్కా సీతమ్మగారిది. ఆమె 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం డొక్కా జోగన్నగారి ఇల్లాలై, 1909లో కన్నుమూసేవరకు వేళకాని వేళలో వచ్చినవారికి కూడా అన్నం పెట్టింది. ఆమె ఒకసారి అంతర్వేది స్వామి దర్శనానికి బయలుదేరితే, దారిలో ఆకలితో వస్తున్న పెళ్ళివారి మాటలు చెవిని పడ్డాయట. ఇంకాస్త ఓపిక పడితే సీతమ్మగారి ఇంటికి చేరతామని వాళ్ళు పిల్లల్ని ఊరడిస్తున్నారట. ఆమె దేవుడి దర్శనం మాని వెనక్కు మళ్ళి, వాళ్ళకంటే ముందు ఇల్లు చేరి పొయ్యి రాజేసిందని అక్కడివారు చెప్పుకుంటారు. గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా కాలువను దాటించే అక్విడక్టును 1850లలో కట్టారు. తర్వాతి కాలంలో దాని పక్కన కట్టిన కొత్త అక్విడక్టుకు సీతమ్మగారి పేరే పెట్టారు. ఆంధ్రప్రదేశ్ బడులలో మధ్యాహ్న భోజన పథకానికి 2024లో ఆమె పేరు పెట్టారు. సీతమ్మగారి వంటి ఇల్లాలు నూటికో కోటికో ఒకరు. కాని ఆ గుణం కాస్తో కూస్తో ఈ సీమలో ప్రతి ఇంటి గోడల్లోనూ ఉంది. గోడల్లో అన్నది ఊరికే అన్నమాట కాదు. ఇల్లు కట్టేటప్పుడే చుట్టాన్ని లెక్కలో వేసుకుని కట్టారు.

మండువా లోగిలి కట్టుబడి చూడండి. వీధి పక్క రెండు వైపులా అరుగులు. వాటి మధ్యగా సింహద్వారం. లోపల నాలుగు వైపుల వసారాలు, వాటి పెంకుల కప్పు లోపలికి వాలుగా దిగి, నడిమి మండువా మీద ఆకాశం కనబడుతూ ఉంటుంది. వాన పడితే నీరు నాలుగు చూరుల నుంచీ మండువాలోకి పడి, తూము గుండా బయటికి పోతుంది. ఎండ వేళ వసారాల్లోని వేడిగాలి మండువా గుండా పైకి పోతే, తలుపుల్లోంచి కిటికీల్లోంచి తోటల చల్లగాలి లోపలికి వస్తుంది. అంత ఇంట్లో, చుట్టానికి ఇచ్చే గది మాత్రం లోపల ఎక్కడో ఉండదు. అరుగును ఆనుకుని, వీధి వైపున ఉంటుంది. దానికి రెండు వాకిళ్ళు: ఒకటి అరుగు మీదికి, ఒకటి లోపలి వసారాలోకి.

ఈ రెండో వాకిలిలోనే ఉంది కిటుకంతా. వచ్చిన పెద్దమనిషి తెల్లవారుజామున లేచి కాలువకు స్నానానికి వెళ్ళాలంటే ఇంట్లో పడుకున్న ఆడవాళ్ళను దాటుకుంటూ వెళ్ళనక్కరలేదు. రాత్రి పొద్దుపోయి వచ్చినా ఇల్లంతా లేపనక్కరలేదు. ఇంటివారికి ఇబ్బంది లేదు. అంతకంటే ముఖ్యం, ఇబ్బంది పెడుతున్నానన్న బెంగ చుట్టానికి లేదు.

గది చిన్నదే. ఒక పట్టెమంచం, లేకపోతే నవారు మంచం. గోడలో దీపం గూడు. గోడకు రెండు చిలక్కొయ్యలు, ఒకదానికి ఉత్తరీయం, ఒకదానికి సంచి. మూలన కూజా, దాని మీద బోర్లించిన గ్లాసు. గుమ్మంలో చెంబుతో కాళ్ళకు నీళ్ళు. అంతే. బొమ్మలు లేవు, పరదాలు లేవు. కాని లెక్క వేసి చూస్తే మనిషికి పరాయి ఇంట్లో కావలసిన వస్తువు ఒక్కటీ తప్పిపోలేదు. కాళ్ళు కడుక్కునే చోటు, బట్ట తగిలించుకునే చోటు, అడగకుండా తాగే నీళ్ళు, గాలి, తనకంటూ ఒక తలుపు. ఈ ఐదూ ఉంటే గది చిన్నదైనా చుట్టానికి ఇరుకనిపించదు. ఇవి లేకపోతే మేడలో పెట్టినా ఊపిరాడదు.

ఆ లోగిళ్ళు ఇప్పుడు తగ్గిపోతున్నాయి. కొన్ని విప్పి స్తంభాలు, తలుపులు అమ్ముకున్నారు. కొన్నిటిలో ముసలివాళ్ళు ఇద్దరే మిగిలారు. వారి పిల్లలు విశాఖపట్నంలోనో, హైదరాబాదులోనో, బెంగుళూరులోనో అంతస్తుల ఇళ్ళలో ఉన్నారు. ఇప్పుడు చుట్టం ఎవరు? ఒకప్పుడు అందరికీ వీధిగది ఇచ్చిన ఆ తల్లిదండ్రులే! వాళ్ళు ఏడాదికోసారి పిల్లల్ని చూడ్డానికి పట్నం వస్తారు. ఆ ఇంట్లో వాళ్ళకు దొరికే చోటు ఎలాంటిదన్నదే అసలు ప్రశ్న.

చాలా ఇళ్ళలో రెండో పడకగది ఒకటి ఉంటుంది. కొనేటప్పుడు అది అమ్మా నాన్నా వస్తే ఉండడానికనే అనుకుంటారు. ఆరు నెలలు తిరిగేసరికి దానిలోకి ఖాళీ సూట్‌కేసులు, ఇస్త్రీ బల్ల, పిల్లవాడి పాత సైకిలు, తెల్లవారకముందే వాడాల్సిన కంప్యూటరు చేరుకుంటాయి. చుట్టాలు దిగిన రాత్రి హడావుడిగా వాటిని ఒక మూలకు నెట్టి మంచం ఖాళీ చేస్తారు. వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి ఆ నెట్టడాన్ని చూస్తూ ఉంటారు. వాళ్ళు ఏమీ అనరు. మర్నాడు కాఫీ తాగుతూ తిరుగు రైలు టిక్కెట్టు సంగతి ఎత్తుతారు. పది రోజులుందామని వచ్చినవారు నాలుగో నాడే వెళ్ళిపోవడానికి అన్నిసార్లూ మనస్పర్థలే కారణం కావు. ఒక్కొక్కసారి బట్ట తగిలించుకునేందుకు కొయ్య లేకపోవడమే కారణం.

సరే, లోగిలి మనం కట్టలేం. ఉన్న చిన్న గదిలో ఆ ఐదు సౌకర్యాలూ ఎలా అమర్చాలో చూద్దాం.

మొదట కొలత. మన దేశపు భవన నిర్మాణ నియమావళి, ఇంట్లో రెండు గదులుంటే ఒకటి 9.5 చదరపు మీటర్లకూ, రెండోది 7.5 చదరపు మీటర్లకూ తగ్గకూడదంటుంది. 7.5 అంటే సుమారు 80 చదరపుటడుగులు, అనగా పది అడుగులు ఎనిమిది అడుగులు. దీనిలో ఆరుంబావు అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు గల పెద్ద మంచం వేశారంటే సగానికి కాస్త తక్కువ నేల మంచానికే పోతుంది. ఆరుంబావుకు మూడు అడుగుల మంచమైతే నాలుగో వంతు లోపే. అందుచేత ఒంటి మంచం గోడవారగా వేసి, రెండో మనిషికి పరుపు చుట్టి మంచం కింద ఉంచడం మేలు. ఇద్దరూ పెద్దవాళ్ళయితే మాత్రం నేల మీద పడుకోబెట్టకూడదు. రెండు ఒంటి మంచాలు ఎదురెదురు గోడలకు వేసి, నడుమ రెండడుగుల దారి వదలండి. మంచం ఎత్తు పరుపుతో కలిపి పద్ధెనిమిది అంగుళాలుంటే కూర్చున్నప్పుడు పాదాలు నేలకు ఆని, మోకాళ్ళ నొప్పులవారు సులువుగా లేవగలుగుతారు.

తర్వాత గాలి. మన కోస్తా వంటి ఉక్క ప్రాంతాల్లో గది నేలలో ఆరో వంతు మేర కిటికీలు ఉండాలని అదే నియమావళి చెబుతుంది. 80 అడుగుల గదికి సుమారు పదమూడు అడుగులన్న మాట. అయితే కిటికీ ఎంత పెద్దదైనా, గాలి రావడానికి ఒక దారి, పోవడానికి ఒక దారి ఉంటేనే ఆడుతుంది. రాత్రి తలుపు మూస్తే ఆ రెండో దారి పోతుంది. కనుక తలుపుకు ఒక ముతక నూలు తెర కట్టండి. తలుపు తీసి ఉంచినా మరుగు ఉంటుంది, గాలీ ఆడుతుంది. కిటికీకి దోమల జాలీ లేకపోతే దోమతెర కట్టే నాలుగు మేకులు ముందే కొట్టించి ఉంచాలి. రాత్రి పదింటికి సుత్తి వెతుక్కోవడం ఎవరికీ మర్యాద కాదు.

వెలుతురు సంగతి చాలామందికి తోచదు. కొత్త ఇంట్లో అర్ధరాత్రి లేచిన ముసలివారికి స్విచ్చి ఎక్కడుందో, స్నానాలగది ఎటుందో తెలియదు. గోడ తడుముకుంటూ వెళ్ళి కాలు జారితే తుంటి ఎముకకే ప్రమాదం. మంచం మీద నుంచి చెయ్యి చాస్తే అందే దీపం ఒకటి, దారిలో రాత్రంతా వెలిగే చిన్న బల్బు ఒకటి పెట్టండి. నేల మీద జారే పట్టలు తీసివెయ్యండి. వేడినీళ్ళ స్విచ్చి ఏదో, ఏ కుళాయిలో వేడినీళ్ళు వస్తాయో వచ్చిన రోజునే చూపించండి. అడగడానికి మొగమాటపడి చన్నీళ్ళు పోసుకునే పెద్దలు ఉన్నారు.

పడకకు నూలుకు మించింది లేదు. బూరుగుదూది పరుపైనా, కొబ్బరిపీచు పరుపైనా, చుట్టాలు వచ్చే ముందు ఒక పూట ఎండలో వేసి, తిరగేసి మరో పూట ఎండనివ్వండి. మూసి ఉంచిన గదిలో పరుపు తేమ పట్టి ముక్కవాసన వేస్తుంది; అత్తరు చల్లితే ఆ వాసన పోదు, ఎండకే పోతుంది. దుప్పటి మన కొత్తవాడ నేత వరంగల్ తివాసీ మీద పరిచినా బాగుంటుంది. ఆ తివాసీలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దిండ్లు రెండు, ఒకటి ఎత్తు, ఒకటి పల్చన. ఏసీ ఉన్న గదిలో ఎండాకాలమైనా సరే ఒక కంబళి మడిచి కాళ్ళ దగ్గర పెట్టండి.

ఇక చిలక్కొయ్య. ఇప్పుడు అది దొరకకపోతే తలుపు వెనక నాలుగు కొక్కేలు చాలు. అలమరలో ఒక అర పూర్తిగా ఖాళీ చేసి తలుపు తెరిచి చూపించండి. ఆ ఖాళీ అర ఎంత మర్యాద చేస్తుందో వెయ్యి మాటలు చెయ్యవు. సంచి పెట్టుకోను ఒక పొట్టి బల్ల, కూర్చోను ఒక కుర్చీ, మూతపెట్టిన నీళ్ళు, గ్లాసు, అద్దం, మంచానికి దగ్గరలో ఫోను చార్జీ పెట్టుకునే ప్లగ్గు. గోడకు తిథులున్న తెలుగు క్యాలెండరు. ఏకాదశి ఎప్పుడో పెద్దవాళ్ళు మిమ్మల్ని అడగనక్కరలేదు. బల్ల మీద రెండు వారపత్రికలు పెడితే, ఇంటివాళ్ళంతా ఆఫీసులకు వెళ్ళిన మధ్యాహ్నం వేళ అవే తోడు.

చివరిది తలుపు. లోపలి గడియ పని చేస్తోందో లేదో చూడండి. పిల్లవాడి పుస్తకాలు, మీ కంప్యూటరు చుట్టాలు ఉన్నన్నాళ్ళు హాల్లోకి మార్చండి. లోపలికి వెళ్ళవలసివస్తే తలుపు తట్టి వెళ్ళండి, సొంత తల్లి అయినా సరే. ఆ నాలుగు రోజులు అది ఆమె గది.

రెండో గదే లేని ఇళ్ళు చాలా ఉన్నాయి. వాళ్ళు దిగులు పడనక్కరలేదు. హాల్లో గోడవార ఒక దివాన్, అడ్డంగా తీగ మీద ఒక తెర, తెర వెనక రెండు కొక్కేలు, ఒక స్టూలు. తెర దించాక అటువైపు దీపం, టీవీ ఆర్పే వేళ పెద్దలు చెప్పినట్టు పాటిస్తే అదే వీధిగది అవుతుంది. ఇల్లు ఇరుకైనా మర్యాదకు చోటు సరిపోతుంది.

ఇవన్నీ అమర్చాక ఇంటి యజమాని, ఇల్లాలు ఒక రాత్రి ఆ గదిలోనే పడుకుని చూడాలి. ఫ్యాను చప్పుడు, వీధి దీపం కంట్లో పడడం, పొద్దున్నే పడే ఎండ, నీళ్ళ మోటారు మోత, ఇవి పగలు తెలియవు. తెల్లవారేసరికి ఏం కావాలో గదే చెబుతుంది. ఖర్చు పెద్దగా ఉండదు. ఆ తర్వాత ఊరి నుంచి వచ్చినవాళ్ళు సంచి విప్పి, బట్టలు అరలో సర్దుకుని, తిరుగు టిక్కెట్టు మాట వారం దాకా ఎత్తలేదంటే, గది బాగా కుదిరిందన్న మాట.