నాలుగు గంటల దూరం

దుబాయి ఎంత దూరమని మా వీధిలో ఎవర్ని అడిగినా "నాలుగు గంటలే గదా" అంటారు. మదురై నుంచి ఆకాశదారిన సుమారు 2,950 కిలోమీటర్లు. మిల్లు లెక్కలో సగం షిఫ్టు. పెద్దోడు ఆడికి పనికి పోయినప్పుడు ఆ మాటతోనే మా అత్తమ్మకు ధైర్యం చెప్పినాం.

దూరంలో ఒక వింత ఉంది. మదురై నుంచి కొలంబోకు విమానదారి 350 కిలోమీటర్లుంటే మన చెన్నైకే 420. ఒకప్పుడు తేయాకు తోటల పనికి సిలోను పోయేవాళ్లు ధనుష్కోటి దాకా రైల్లో పోయి పడవెక్కేవాళ్లు. 1964 తుపాను ఆ దారిని ఊడ్చేసింది. దగ్గరా దూరమా అనేది కిలోమీటర్లు చెప్పేది కాదు.

పోయిన మార్గళి నెలలో తెల్లారుజామున నాలుగింటికి అత్తమ్మ పోయింది. ఆమె కొంగు పట్టుకుని పెరిగినోడు పెద్దోడు. ఫోను చేసినాం. పెద్దోళ్లు వాకిట్లో కూర్చుని అడిగినారు: "ఎంతసేపు పెట్టుకోవాలమ్మా?" నాలుగు గంటలని ఎవరో అన్నారు. వాడి పాస్‌పోర్టేమో పనిచేసే చోట బీరువాలో ఉంది. సంతకం అయ్యేసరికి ఆడ సాయంత్రం నాలుగు. మనకు అయిదున్నర, వాళ్ల గడియారం గంటన్నర వెనక. అప్పటికి మదురై విమానం వెళ్లిపోయింది.

రాత్రి పదింటికి కొచ్చికి సీటు దొరికింది. ఆకాశంలో కొచ్చి మదురై కంటే 170 కిలోమీటర్లు దగ్గరే. కానీ దిగినాక కుమిళి ఘాటు దిగి కంబం మీదుగా తేని రావాల, అయిదు గంటలు. మదురైలో దిగుంటే రెండు గంటలే.

ఐసు పెట్టె తెప్పించినాం. "సూర్యుడు దిగేలోపు ఎత్తేద్దాం, వానికోసం ఎంతసేపు?" అన్నారు చిన్నమామ. షిఫ్టుకు పోవాల్సినోళ్లు కూడా ఉన్నారు, ఆయన మాటలో తప్పు లేదు. మా ఆడబిడ్డ మాత్రం గడప మీద కూర్చుని లేవలేదు. "అమ్మ వాణ్ణి చూడకుండా పోదు" అనింది. పక్క వీధి వైండింగు ఆడోళ్లు రాత్రంతా మాతోనే కూర్చున్నారు.

వాడు గది వదిలినప్పట్నుంచి మా వాకిలి దాకా పదమూడున్నర గంటలు. అందులో గాలిలో ఉండింది నాలుగే. పొద్దున తొమ్మిదిన్నరకు కారు దిగినాడు, చెప్పులు కూడా విప్పకుండా అవ్వ కాళ్ల మీద పడినాడు. పదకొండుకు ఎత్తినాం.

బయటి దేశంలో బిడ్డలున్న ఇండ్లవాళ్లు ఒకటి చేసుకోండి. పాస్‌పోర్టు ఎవరి చేతిలో ఉందో, మదురై విమానం ఏ రోజుల్లో ఉందో, తప్పితే కొచ్చికా తిరుచ్చికా, అర్ధరాత్రి కారు ఎవరు తెస్తారో, అన్నీ కాగితం మీద రాసి పెట్టుకోండి. మా ఇంట్లో ఆ కాగితం రేషన్ కార్డు పక్కనే ఉంది. అడుగున పెద్దోడి చేతిరాతే: "విమానం 4, మిగతాది 9½."