టక్కుమనాలా? టిక్కుమనాలా?

ఒక స్టిక్. రెండు బటన్లు. జేబులో రూపాయి బిళ్ల. తొంభైల్లో తెలుగు ఊళ్లలో పెరిగిన మగపిల్లల్ని కదిపి చూడండి... ఈ మూడు మాటలకే కళ్లు మెరుస్తాయి. ఆ గేమ్ అసలు పేరు ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’. జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1993లో విడుదల చేసింది. అంత పొడుగు పేరుకు మనవాళ్ల నోరు తిరగలేదు. అందులోని నలుగురు హీరోల్లో ఒకడు ముస్తఫా. వాడి పేరే గేమ్ పేరైపోయింది. ‘ముస్తఫా ఆడొద్దామా?’ అంటే అర్థంకాని పిల్లాడు లేడు.

ఆ పిల్లలకిప్పుడు నలభై దాటాయి. గేమ్ షాపుల జాడ లేదు. దాంతో కొందరికి కొత్త మోజు... అలాంటి పెట్టె ఇంట్లోనే చేసుకుంటే పోలా అని! కంప్యూటర్‌కు ఇబ్బంది లేదు. అరచేతిలో పట్టే ‘రాస్ప్‌బెర్రీ పై’ బోర్డులు 2012 నుంచీ దొరుకుతున్నాయి. తెర అంటారా, ఎల్‌ఈడీ టీవీ వచ్చాక మూలన పడేసిన మానిటర్ ఉండనే ఉంది. ప్లైవుడ్ ముక్క కోసిచ్చే వడ్రంగి వీధి చివరే ఉంటాడు. చిక్కంతా వచ్చేది అన్నిటికన్నా చిన్న వస్తువు దగ్గర. బటన్! నిజానికి చిక్కు రావడంలో వింత లేదు. ఆ పెట్టె మొత్తంలో స్టిక్ కాకుండా చెయ్యి తాకేది దాన్నొక్కదాన్నే.

షక్కర్‌నగర్ కుర్రాడు

షక్కర్‌నగర్‌లో పెరిగి, ఇప్పుడు నిజామాబాద్‌లో ఇల్లు కట్టుకున్న ఒకాయననే అనుకుందాం. వాళ్ల బాపు బోధన్ నిజాం షుగర్స్‌లో ఎలక్ట్రీషియన్. నిజాం కాలంలో పుట్టిన ఫ్యాక్టరీ అది. ఆసియాలోనే పెద్దదని గొప్పగా చెప్పుకునేవారు. చలికాలం వస్తే చాలు... చెరకు బండ్ల బారు, గాలి నిండా మొలాసిస్ వాసన. సాయంత్రం ట్యూషన్ అని చెప్పి ఈ కుర్రాడు గేమ్ షాపుకి, డ్యూటీ దిగి బాపు తిన్నగా అక్కడికే! చెవి పట్టుకుని ఇంటిదాకా నడిపించిన సాయంత్రాలకు లెక్కలేదు.

ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో మూతపడింది. బాపు అంతకుముందే ఇంటిపట్టున ఉండిపోయాడు. స్క్రూడ్రైవర్ పట్టిన చేతికి ఇప్పుడు టీవీ రిమోట్ తప్ప పనిలేదు. తొమ్మిదేళ్ల మనవరాలు ఫోన్‌లో గేములు ఆడుతుంటే పక్కన కూర్చుని చూస్తాడు. ఆ పిల్లకు బటన్ అంటే అద్దం మీద గీసిన బొమ్మ. నొక్కితే లోపలికి పోయేది ఒకటుంటుందని చెప్తే నవ్వుతుంది.

అందుకే పెట్టె చేయాలనిపించింది ఆయనకు. ‘ఒక్కసారి వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది దానికి’ అని పట్టుదల. ఇంతకీ ఏ బటన్ కొనాలి?

రకానికో గుణం

మొదటిది లీఫ్ స్విచ్. రెండు సన్నని లోహపు రేకులు, మధ్యలో కొంచెం సందు. బటన్ నొక్కితే ఒక రేకు వంగి రెండోదానికి తగులుతుంది. అంతే. టిక్కు లేదు, టక్కు లేదు. 1980ల తొలినాళ్ల అమెరికా మిషన్లలో ఎక్కువగా ఇవే కనిపించేవి. గబగబా నొక్కడానికి హాయిగా ఉంటాయి. కానీ రేకు వంపు మారిందంటే మళ్లీ పట్టకారు పుచ్చుకుని సరిచేయాల్సిందే.

రెండోది మైక్రోస్విచ్. ఇది 1930ల్లో అమెరికాలో పుట్టింది. లోపల వంపు తిరిగిన చిన్న స్ప్రింగ్ రేకు ఉంటుంది. నొక్కుతూ పోతే ఒకచోట దాకా కదలనట్టే ఉండి, ఆ గీత దాటగానే టక్కున అటు దూకుతుంది. మైక్రోవేవ్ ఓవెన్ తలుపు వేసినప్పుడు, కంప్యూటర్ మౌస్ నొక్కినప్పుడు వినిపించే చప్పుడు దీనిదే. అమెరికన్ తరహా బటన్లలో పైన ప్లాస్టిక్ టోపీ, మధ్యలో స్ప్రింగ్, అడుగున విడిగా ఈ స్విచ్ ఉంటాయి. బలంగా నొక్కాలి. నొక్కింది చేతికీ తెలుస్తుంది, చెవికీ తెలుస్తుంది... పక్కగదిలో వాళ్లకీ తెలుస్తుంది!

మూడోది జపాన్ తరహా. సాన్వా, సేమిట్సు కంపెనీలవి పేరున్నవి. చిన్న స్విచ్ బటన్‌లోనే ఇమిడి ఉంటుంది. తేలిగ్గా కదులుతుంది, చప్పుడు తక్కువ. అలవాటు లేనివాళ్లు ఊరికే వేలు ఆన్చినా తెర మీద ముస్తఫా గాల్లోకి ఎగిరేస్తాడు. ఇవి కాక ఈమధ్య కంప్యూటర్ కీబోర్డుల్లో వాడే మెకానికల్ స్విచ్‌లను బిగించిన బటన్లూ వచ్చాయి.

ఏది గొప్పది అనడిగితే జవాబు లేదు. ఏ ఆటకి, ఏ వేలికి అనడగాలి. ముస్తఫాకు కావాల్సినవి రెండే బటన్లు... ఒకటి కొట్టడానికి, ఒకటి ఎగరడానికి. రెండూ కలిపి నొక్కితే పెద్ద దెబ్బ. ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా ఉంటే ఆ దెబ్బ పడదు. కాబట్టి ఆ జంట ఒకే రకం కావాలి. అదే 1991లో వచ్చిన ‘స్ట్రీట్ ఫైటర్ 2’ అయితే ఆరు బటన్లు. వాటి మీద వేళ్లు జారుతూ పోవాలి. అక్కడ మెత్తనివే సుఖం.

ఆ ఆరు బటన్ల వెనక ఓ సరదా కథ ఉంది. 1987లో మొదటి ‘స్ట్రీట్ ఫైటర్’ వచ్చినప్పుడు కొన్ని మిషన్లకు బటన్ల బదులు రబ్బరు దిండ్లు పెట్టారు. ఎంత గట్టిగా గుద్దితే తెర మీద అంత గట్టి దెబ్బ. జనం పిడికిళ్లు బిగించి ఊగిపోయారు. చేతులూ నొచ్చాయి, మిషన్లూ నలిగాయి. చివరికి ఆరు బటన్ల ప్యానెలే నిలిచింది. బలం చూపించడానికి వేరే దారులున్నాయి, బటన్ పని అది కాదని కంపెనీకీ తెలిసొచ్చింది.

బాపు చెవి

మన కథానాయకుడికి మాత్రం మొదట్నుంచీ ఒకటే ఆలోచన. షాపులో ఉన్నలాంటిదే కావాలి. టక్కుమనాలి! మైక్రోస్విచ్ బటన్లు నాలుగు, జపాన్ తరహావి నాలుగు తెప్పించాడు. అసలు ప్యానెల్ జోలికి వెళ్లకుండా ఒక ప్లైవుడ్ ముక్కకు రంధ్రాలు కొట్టి బిగించాడు. మంచి పని. వంద వ్యాసాలు చదవడం కంటే ఇలా పది నిమిషాలు నొక్కి చూడటం మేలు.

నొక్కి చూస్తే నిరాశ! షాపు బటన్ ఇంత మొండిగా ఉండేది కాదే? కూతురైతే రెండు నిమిషాలకే వేలు నొప్పి అంది. మెత్తనిది తెగ నచ్చింది దానికి. ఇంతలో బాపు ఆ చెక్కముక్క ఒళ్లోకి లాక్కున్నాడు. తిరగేశాడు. స్విచ్ ఊడదీసి వెలుతురులో పెట్టి చూశాడు.

“గిది లిమిట్ స్విచ్చే గదరా! గింత చిన్నగ జేసిండ్రు.”

నిజమే. ఫ్యాక్టరీల్లో కదిలే భాగం హద్దు దాటకుండా మోటారును ఆపే లిమిట్ స్విచ్‌ల కడుపులో చాలావాటికి ఉండేది ఈ మైక్రోస్విచ్చే. ఏళ్ల తరబడి వాటితోనే కాపురం చేసిన మనిషి. మూడు కాళ్లు చూపించి మనవరాలికి పాఠం మొదలుపెట్టాడు. ఒకటి కామన్. ఇంకోటి ఎన్‌ఓ, నొక్కితేనే కలుస్తుంది. మూడోది ఎన్‌సీ, నొక్కితే విడిపోతుంది. వైర్లు మొదటి రెంటికే ఇవ్వాలి. పొరపాటున ఎన్‌సీకి ఇస్తే ఎవరూ ముట్టకపోయినా నొక్కినట్టే ఉంటుంది.

కొడుకు నిరాశకూ ఆయన దగ్గర జవాబుంది. “గా షాపుల స్ప్రింగులు ఎన్నడో సల్లబడ్డయ్‌రా. ఊరు ఊరంత ఒత్తితిరి.”

కోటి దెబ్బల లెక్క

ఆ మాట ఎంత నిజమో లెక్క వేసి చూడండి. ఇలాంటి మైక్రోస్విచ్‌లు కోటిసార్లు నొక్కినా తట్టుకుంటాయని తయారీదార్లు చెప్పడం మామూలే. కొట్టే బటన్‌ను సెకనుకు రెండుసార్లు నొక్కుతారనుకుంటే గంటకు 7200 దెబ్బలు. కోటి దెబ్బలకు దాదాపు 1390 గంటలు. రోజుకు పదిగంటలు నడిచే షాపులో నాలుగున్నర నెలలకే ఆయుష్షు చెల్లు! అదే ఇంట్లో రోజుకు అరగంట ఆడితే ఏడున్నరేళ్లు వస్తుంది.

అంటే ఆయన వేలు గుర్తుపెట్టుకున్నది కొత్త బటన్‌ను కాదు, అరిగిపోవడానికి దగ్గరపడిన బటన్‌ను. అలాంటిది ఏ దుకాణంలోనూ అమ్మరు. జీవితకాలం లెక్కా ఇంటికి పెద్దగా పనికిరాదు. షాపు యజమానికి కావాల్సింది మొండితనం. ఇంటికి కావాల్సింది చిన్నదాని వేలు నొప్పెట్టకపోవడం, రాత్రి తొమ్మిది దాటాక పక్కగదిలో నిద్ర చెడకపోవడం.

మరి జపాన్ బటన్లే పెట్టేద్దామా? దానికి బాపు ఒప్పుకోలేదు. ఈ వయసులో ఆయన వేళ్లు సన్నగా వణుకుతాయి. మెత్తని బటన్ మీద చెయ్యి పెట్టగానే తనకు తెలియకుండానే రెండుమూడు దెబ్బలు పడిపోతున్నాయి. కాస్త ఎదురు తన్నే బటన్ మీదే ఆయన వేలు నిలిచింది. ఎనిమిది బటన్లు, మూడు తరాల చేతులు... తొమ్మిదేళ్ల వేలికి మెత్తనిది, డెబ్బై దాటిన వేలికి గట్టిది నచ్చింది. మధ్యలో నలభై దాటిన మనిషికి రెండూ నచ్చలేదు.

రంధ్రం కొట్టే ముందు

చివరికి దారి చూపింది చెక్కే. జపాన్ బటన్లకు 30 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. వాటిలో క్లిప్పుతో పట్టుకునే రకం పల్చటి రేకుకే సరిగ్గా అతుక్కుంటుంది. మందపాటి చెక్కకు నట్టు బిగించే రకం చూసుకోవాలి. అమెరికన్ తరహా బటన్‌కు రంధ్రం 28 మిల్లీమీటర్లు. ఒళ్లు పొడుగు, కింద పెద్ద నట్టు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌నూ దర్జాగా పట్టుకుంటుంది. పైగా అడుగున స్విచ్ విడిగా ఉంటుంది కాబట్టి, టోపీ కదపకుండా స్విచ్ ఒక్కటే మార్చుకోవచ్చు. తక్కువ బలానికే కలిసే మైక్రోస్విచ్‌లు విడిగా దొరుకుతాయి.

దాంతో తగువు తీరింది. అన్నీ 28 మిల్లీమీటర్లవే. ఎడమవైపు ఆటగాడి బటన్ల కింద తేలికపాటి స్విచ్‌లు... అది చిన్నదాని చోటు. కుడివైపు మామూలువి... అది బాపు చోటు. జంటలో రెండూ ఒకే రకం కాబట్టి పెద్ద దెబ్బకూ లోటు లేదు. రంధ్రాల విషయంలోనూ తొందరలేదు. రేపు జపాన్ బటన్లే కావాలనిపిస్తే 28ని గరుకు కాగితంతో 30 చేసుకోవచ్చు. 30ని 28 చేయడం మాత్రం ఎవరి తరమూ కాదు.

వైర్ల పని బాపు ఎవరికీ ఇవ్వలేదు. కామన్ కాళ్లన్నిటినీ ఒకే నల్లవైరుతో గొలుసులా కలిపాడు. సోల్డర్ పెట్టకుండా లగ్గులు నొక్కాడు, స్విచ్ మార్చాల్సి వస్తే ఊడదీయడం సులువని. ప్రతి బటన్‌నూ చెవి దగ్గర పెట్టుకుని రెండేసి సార్లు నొక్కి విన్నాక గానీ బిగించనివ్వలేదు. అలా విన్నప్పుడే ఒకటి తేడాగా పలికిందని పక్కన పెట్టేశాడు. కొడుక్కి ఆ తేడా వినిపించనే లేదు. మనవరాలు మాత్రం తాత చేతిలోంచి దాన్ని లాక్కుని, చెవికి ఆనించుకుని, ఇంకోసారి నొక్కింది.