మల్యాల మట్టి, నీళ్లు

ఏప్రిల్ 12
సాయంత్రం రాళ్లవాన. మామిడి తోటలో కాయంతా కిందే. ఇంకొన్ని రోజులు ఆగితే చల్‌గల్ మార్కెట్‌కు పోయి ఢిల్లీ లారీ ఎక్కేది. ఆడవాళ్లు ఏరుకుని ఒరుగులకు కోస్తున్నారు.

మే 30
కొండగట్టుకు అంజన్న మాలధారులు. ఉత్త కాళ్లు, తారు రోడ్డు. పక్కన మట్టి మీదికి దిగి నడుస్తున్నారు. ఎవరో ట్యాంకర్ తెచ్చి రోడ్డు తడుపుతున్నారు. చక్రం వెనకే ఆరిపోతోంది.

మే 31
బీడీ ఆకు మీద తడి గుడ్డ. ఆకు ఎండితే కత్తెరకు పెళుసుగా విరుగుతుంది. వడగాలికి గుడ్డే ముందు ఆరింది. అత్తమ్మ మళ్లీ తడిపింది.

జూన్ 8
మిరుగం కార్తె. చేపలకు ఎగబడ్డారు. వాన లేదు.

జూన్ 19
పెద్ద వాన. చెల్క తాగినంత తాగింది, మిగతాది ఒర్రె పట్టింది. తెల్లారేసరికి ఒర్రెలో ఇసుకే. ఈ జిల్లాలో ఏడాదికి పడేది వెయ్యి మిల్లీమీటర్ల దరిదాపు. తక్కువేమీ కాదు. కానీ చాలావరకు నాలుగు నెలల్లోనే, అందులోనూ కొన్ని రోజుల్లోనే పడుతుంది. కింద గట్టి బండ. నీళ్లుండేది బండ మీది మెత్తటి పొరలో, పగుళ్లలో. బోరుకు పగులు తగలాలి.

జూలై 1
బాబ్లీ గేట్లు ఎత్తే రోజు. మహారాష్ట్రలో, గోదావరి మీద, 14 గేట్లు. 2013 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం అక్టోబర్ 28 దాకా తెరిచే ఉంచాలి. అక్కడి వరదతో పోచంపాడు జలాశయం నిండితేనే కాకతీయ కాలువకు నీళ్లు. నారు పోసినవాళ్లు నాందేడ్‌లో వాన పడిందా అని అడుగుతున్నారు.

ఆగస్టు 3
రాంపూర్ పంపుహౌస్ దాకా వెళ్లాను. వరద కాలువ తవ్వింది పోచంపాడు మిగులు నీళ్లు మిడ్ మానేరుకు దించడానికి. అదే కాలువలో కాళేశ్వరం నీళ్లు ఎదురెక్కించి పోచంపాడుకు చేర్చేందుకు ఇక్కడ మోటార్లు పెట్టారు. చాలాసేపు నిలబడి చూశాను.

సెప్టెంబర్ 6
చెరువు మత్తడి దుంకింది. ఊరంతా కట్ట మీదే.

సెప్టెంబర్ 20
వాన వెలిసి చాలా రోజులైంది. మిషన్ కాకతీయలో తీసిన పూడిక మట్టి పోసుకున్న చెల్కలో ఇంకా తడి ఉంది. పక్క చెల్క నెర్రెలు విచ్చింది. గట్టు ఒక్కటే అడ్డం.

అక్టోబర్ 29
నిన్నటితో బాబ్లీ గడువు అయిపోయింది. యాసంగి ఇక ఉన్న నీళ్లతోనే. రాత్రంతా బోరు బండి చప్పుడు. పొద్దున చేనంతా తెల్లటి రాతిపొడి. నీళ్లు పడలేదు. వేసవిలో కుంట ఎండినప్పుడు పూడిక తీసుకుందాం. బోరు సంగతి ఆ తర్వాత.